సరే సార్

ఆదివారం పొద్దున రీడింగ్ హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. తీయగానే ఫ్యాన్ కింద చోటు కోసం ఉరుకుతారు. శ్రీరాంపూర్ నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీదున్న ఆ చిన్న ఊళ్ళో, మే నెల ఎండల్లో నీడ పట్టున కూర్చుని చదువుకోవడానికి ఆ శాఖా గ్రంథాలయం ఒక్కటే దిక్కు.

లైబ్రేరియన్ నిరంజన్ తన బల్ల దగ్గర కొత్త పత్రికల మీద ముద్రలు వేస్తుండగా ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

"సార్, తెలంగాణ చరిత్ర పెద్ద బుక్కు కనవడ్తలేదు. నిన్ననే సగం రాసుకున్న. పది రోజుల్ల టెస్టున్నది."

నిరంజన్ లేచి రాక్ దగ్గరికి వెళ్ళాడు. నిజమే. లావుపాటి పుస్తకం ఉండాల్సిన చోట పెద్ద సందు ఉంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలు ఆ సందులోకి ఒరిగి ఉన్నాయి. ఇంటికి ఇవ్వకూడదని ఎర్ర చీటీ అంటించిన పుస్తకం అది.

పక్క వరుసలో వనజ చిన్న స్టూలు మీద నిలబడి తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతోంది. కాంట్రాక్టు మీద పనిచేసే సహాయకురాలు ఆమె. ముప్పై ఏళ్ళు దాటని మనిషి, చేతి వేగం ఎక్కువ.

"వనజా! చరిత్ర బుక్కు ఎవలికిచ్చినవ్?"

"ఎవలికియ్యలే సార్."

"ఇయ్యకుంటే ఏడికి పోయింది? రెక్కలొచ్చినయా దానికి? ఎర్ర చీటీ ఉన్నది బయటికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలె? అడిగినోల్లకల్ల ఇచ్చుడేనా? ఇది నీ ఇల్లనుకున్నవా?"

"సార్, అది మీరే..."

"ఎదురు మాట్లాడకు!"

హాల్లో తలలన్నీ లేచాయి. పెన్నులు ఆగాయి. బొగ్గుబాయిలో మిషన్ల మోతకు చెవులు మందగించిన లచ్చయ్య, రిటైరయ్యాక రోజూ వచ్చి పేపర్లన్నీ తిరగేసే ముసలాయన, ఆయన కూడా చేతిలోని పేపరు దించి ఇటు చూశాడు. అంత గట్టిగా వినపడింది.

వనజ ఏడవలేదు. చేతిలోని పుస్తకాన్ని దాని చోట పెట్టి, మిగతావాటితో సమంగా ఉండేలా అంచును వేలితో లోపలికి నెట్టింది. స్టూలు దిగింది.

"సరే సార్," అంది.

సోమవారం లైబ్రరీ ఎంత సాఫీగా నడిచిందంటే నిరంజన్‌కే ముచ్చటేసింది. మామూలుగా వనజ వస్తూనే ఏదో ఒక ముచ్చట చెప్తుంది. బస్సులో కండక్టరు ఏమన్నాడో, పక్కింటి కోడి ఎవరి గోడ దూకిందో. నడుమ నడుమ "సార్, గది అట్ల గాదు" అని అడ్డం వస్తుంది. సోమవారం అవేవీ లేవు. బల్లలు తుడిచింది, పేపర్లు కర్రలకు బిగించింది, అడిగిన పుస్తకం తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం ఒక పుస్తకాల కట్ట వస్తే నిరంజన్ ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి చూపించి "గా రాక్‌ల పెట్టు" అన్నాడు. ఆమె ఆ చెయ్యి చూపిన వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"సరే సార్."

అటెండర్ రాజం లేడు. చుట్టాల పెళ్ళికి ఖానాపూర్ పోయాడు. ఉన్నది వీళ్ళిద్దరే. సాయంత్రం తాళం వేస్తూ నిరంజన్ అనుకున్నాడు: అప్పుడప్పుడు ఒక మాట గట్టిగా అనాలె, అంటేనే పని దారికొస్తది.

మంగళవారం ఆయనకు కరీంనగర్‌లో ఒకరోజు శిక్షణ. లైబ్రరీల బాధ్యులందరినీ పిలిచారు. విషయం ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు. కంప్యూటర్ల గురించి కావచ్చని నిరంజన్ కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే తెర మీద "మనసు తెలిసి మసలుకోవడం, సంతోషంగా పనిచేయడం" అని పడింది. వెనక వరుసలో ఎవరో మెల్లగా నవ్వారు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినామె పేరు రేవతి. సన్నగా, చురుగ్గా ఉంది. మైకు వద్దని పక్కన పెట్టేసి బల్లల మధ్య తిరుగుతూ మాట్లాడింది. ఐదు బొమ్మలున్న కాగితం ఒకటి అందరికీ పంచింది. ఏడుపు మొహం నుంచి పకపకా నవ్వే మొహం దాకా. "మీరు పనిచేసే చోట మీ మొహం ఏది?" అని అడిగింది. నిరంజన్ మధ్యలోని బొమ్మ మీద పెన్ను పెట్టాడు. దానికి నోటి స్థానంలో ఒక అడ్డగీత ఉంది.

"మీ దగ్గర పనిచేసేటోల్లతోని మీకు తకరార్లు ఏమన్న ఉన్నయా?" అని అడిగింది రేవతి.

దేవదాస్ అనే పెద్దాయన లేచాడు. తల పండిన లైబ్రేరియన్. "మా దగ్గర గసొంటి గడబిడ లేదు మేడం. నేను గీత గీస్తే దాటరు. ఏది చెప్పినా సరే సార్ అంటరు."

కొందరు చప్పట్లు కొట్టారు. నిరంజన్ కూడా కొట్టాడు.

రేవతి నవ్వింది. "సరే సార్ అనుడు సులువు సార్. మీరు పొరపాటు చేస్తుంటే, సార్ మీరు పొరపాటు చేస్తుండ్రు అని మీకు చెప్పేటోల్లు ఎవరున్నరు?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "ఎవరు లేరు మేడం," అని కూర్చున్నాడు. ఈసారి చప్పట్లు పడలేదు.

తర్వాత ఆమె అందరినీ కళ్ళు మూసుకోమంది. కింద పనిచేసే మనిషి మీద ఆఖరున ఎప్పుడు కోపం చేశారో తలచుకోమంది. "మీరేమన్నరో గాదు. ఆ మనిషి ఏమన్నదో యాద్ చేసుకోండ్రి."

నిరంజన్ కళ్ళు మూసుకున్నాడు. సార్, అది మీరే... ఆ మాట వినపడింది. మీరే, ఏమిటి? నేనే ఏం చేశాను? అప్పుడు శనివారం సాయంత్రం కళ్ళ ముందుకు వచ్చింది. చరిత్ర పుస్తకం అట్ట ఊడి వేలాడుతోంది. తానే రాక్ లోంచి తీశాడు. మంచిర్యాలలో బైండింగ్‌కు పంపే చిరిగిన పుస్తకాల సంచిలో తానే వేశాడు. పెళ్ళికి పోయే దారిలో ఇచ్చిపొమ్మని రాజానికి చెప్పింది తానే. ఆ సంచి మూతిని రెండు చేతులా తెరిచి పట్టుకుని నిలబడ్డది వనజ.

కళ్ళు తెరిచాడు. చుట్టూ అందరూ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. దేవదాస్ అయితే నిద్రపోయాడు.

మధ్యాహ్నం భోజనంలో ఏం తిన్నాడో తెలియలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రేవతి చెప్పిన ఉపాయాలు ఒక్కొక్కటే నెమరువేశాడు. రోజూ ఒక్కొక్కరినీ ఎట్ల అనిపిస్తుందని అడగాలి. కలిసి ఏదైనా తినాలి. మంచి పని చేస్తే మెచ్చుకోవాలి. మొహం మీద చిరునవ్వు ఉండాలి. కిటికీ అద్దంలో చూసుకుంటూ చిరునవ్వు ప్రయత్నించాడు. ఎదురు సీట్లో పసిపిల్ల తల్లి కొంగు వెనక దాక్కుంది.

బుధవారం పొద్దున రాజం హాలు ఊడుస్తుంటే నిరంజన్ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు.

"రాజం, ఎట్ల అనిపిస్తుంది?"

రాజం చేతిలోని చీపురు జారింది. "ఏం అనిపిస్తలేదు సార్."

"అట్ల గాదు. మనసుల ఎట్లున్నది?"

"సార్, నేనేం తప్పు జేసిన? మూడు రోజులు చెప్పే పోయిన గద సార్ పెండ్లికి. బైండింగు సంచి గూడ ఇచ్చి పోయిన."

"తప్పేం లేదు, ఊకెనే అడిగిన." నిరంజన్ చిరునవ్వు నవ్వాడు. రాజం మొహం ఇంకా పాలిపోయింది.

కాసేపటికి రాక్‌ల వెనక గుసగుసలు వినపడ్డాయి. "బిడ్డా, సారుకు ఏమైంది? కరీంనగర్ల పెద్ద దవాఖానకు గానీ పోయిండా?" అని రాజం. "ఏమో కాకా, ట్రైనింగ్ అన్నరు," అని వనజ. "ట్రైనింగ్‌కు పోతే నవ్వుతరా? నన్ను ఏడికన్న ట్రాన్స్‌ఫర్ చేస్తరేమో."

ఆమె వంతు వచ్చినప్పుడు నిరంజన్ భుజం మీద చెయ్యి వెయ్యలేదు గానీ చిరునవ్వు మాత్రం ఆపలేదు. "వనజా, ఎట్ల అనిపిస్తుంది?"

"మంచిగనే ఉన్నది సార్."

"ఏమన్న పరేషానా?"

"ఏం లేదు సార్."

అక్కడే చెప్పెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ ఆఫీసరు అయ్యుండి కింది మనిషికి క్షమాపణ చెప్తే రేపటి నుంచి ఎవరు లెక్క చేస్తారు అనిపించింది. మనిషిని సంతోషపెడితే చాలు కదా, పాతది తవ్వడం ఎందుకు అనిపించింది. అంతలో పిల్లల మూల నుంచి ఒక చిన్నపిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది. "సార్, గిండ్ల రాజు ఎప్పుడొస్తడు? అన్ని పందులే ఉన్నయి."

అట్ట మీద చూస్తే "లాభసాటిగా పందుల పెంపకం" అని ఉంది.

పిల్లల రాక్ దగ్గరికి వెళ్ళాడు. బొమ్మల కథల మధ్య ఎరువుల వాడకం, బోరుబావుల మరమ్మతు, మేకలకు వచ్చే రోగాలు బారులు తీరి ఉన్నాయి. చక్కగా, అంచులు సమంగా.

"వనజా, ఏందిది? వ్యవసాయం బుక్కులు పిల్లలకాడ పెట్టినవేంది?"

"మీరే గద సార్ చెయ్యి చూపెట్టిండ్రు, గా రాక్‌ల పెట్టుమని."

"తప్పని తెల్వదా? చెప్పొద్దా నాకు?"

వనజ ఆయన వైపు సూటిగా చూసి, వంగి పుస్తకాలు తీయడం మొదలుపెట్టింది. ఆ చూపు ముందు నిరంజన్ చిరునవ్వు నిలవలేదు. ఆయన కూడా వంగి మేకల రోగాలను బయటికి లాగాడు.

గురువారం మిర్చి బజ్జీలు తెచ్చాడు. వేడి వేడిగా, పేపర్లో నూనె ఊరుతూ, ఉల్లిగడ్డ ముక్కలతో. రాజం ఒకటి తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పదన్నట్టు కొరికాడు. వనజ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇయ్యాల ఒక్కపొద్దు సార్."

ఇక మిగిలింది మెచ్చుకోలు. మధ్యాహ్నం నిరంజన్ తన గదిలో తలుపు దగ్గరికి వేసుకుని ఒక డ్రాయింగ్ షీటు పరిచాడు. స్కెచ్ పెన్నులతో "ఈ వారం ఉత్తమ ఉద్యోగి: శ్రీమతి వనజ" అని రాశాడు. చుట్టూ పువ్వులు వేశాడు. పువ్వులు ఎప్పుడూ వెయ్యని చెయ్యి కాబట్టి అవి కొంచెం సైకిల్ చక్రాల్లా వచ్చాయి. అయినా తృప్తిగా ఉంది. హాల్లో నోటీసు బోర్డుకు పిన్నులు గుచ్చి వచ్చి కూర్చున్నాడు.

లచ్చయ్యకు ఏది చదివినా పైకే చదవడం అలవాటు. పేపర్లు అయిపోయాక బోర్డు దగ్గరికి వచ్చాడు. "ఈ వారం... ఉత్తమ... ఉద్యోగి..." పేరు రాగానే ఆగి వెనక్కి తిరిగాడు. "మన వనజే! ఏం సారూ, ఆదివారమే గద గట్ల తిట్టిండ్రు? గింతల్నే ఉత్తమం ఎట్లైంది?"

ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. మగపిల్లలు పుస్తకాల్లో మొహాలు దాచుకుని నవ్వారు. వనజ చెంపలు ఎర్రబడ్డాయి. బోర్డు దగ్గరికి నడిచి నాలుగు పిన్నులూ జాగ్రత్తగా పీకింది. షీటును చుట్టి, నిరంజన్ గదిలోకి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గిది వొద్దు సార్."

"ఎందుకు? నిజంగనే మంచిగ పని చేస్తవ్ గద."

"అందరి ముందట తిట్టిండ్రు. ఇప్పుడు అందరి ముందట మెచ్చుకుంటుండ్రు. నడుమ నేనేం చేసిన్నని ఒక్కసారన్న అడిగిండ్రా సార్?" ఆమె గొంతు పెరగలేదు. "చెప్తనే ఉంటి. చెప్పనియ్యలే."

నిరంజన్ షీటు చుట్టను అటూ ఇటూ దొర్లించాడు.

"ఇంకో ముచ్చట సార్. శ్రీరాంపూర్ల ఒక స్కూలోల్లు వాల్ల లైబ్రరీ చూసుకొమ్మని అడుగుతుండ్రు. జూన్ల తెరుస్తరు. పోదామనుకుంటున్న."

"ఆలోచించుకో..." అన్నాడు నిరంజన్. ఆమె వెళ్ళిపోయింది. బల్ల మీద చల్లారిన బజ్జీలు మిగిలాయి.

శుక్రవారం లైబ్రరీకి సెలవు. నిరంజన్ పొద్దున్నే బజారుకు పోయి మటన్ తెచ్చాడు. ఆయన భార్య బాలలక్ష్మి వరండాలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఊళ్ళో సగం జాకెట్లు ఆమె కుట్టినవే. నల్ల కవరు చూడగానే సూది ఆపింది.

"ఏం తప్పు జేసినవ్?"

"తప్పేంది? మటన్ తెస్తే తప్పు జేసినట్టేనా?"

"పెండ్లైన కాన్నుంచి చూస్తున్న. మా తమ్ముని ఇంట్లకు పోయేటందుకు రానన్ననాడు మటన్. నా కుట్టుమిషన్ మీద బకెట్ నీల్లు వడేసిననాడు మటన్. నోటితోని మాత్రం ఎన్నడు చెప్పలే. చెప్పు, గీసారి ఏంది?"

ఆయన ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని మొత్తం చెప్పాడు. చరిత్ర పుస్తకం, కరీంనగర్, చిరునవ్వు, పందులు, బజ్జీలు, సైకిల్ చక్రాల పువ్వులు. పందుల దగ్గర బాలలక్ష్మి నవ్వు ఆపుకోలేక నోట్లోని హుక్కు తీసి పక్కన పెట్టింది.

"నవ్వకు. ఎట్ల అనిపిస్తుందని అడిగిన, బజ్జీలు తెచ్చిన, బోర్డు గూడ రాసిన. ఇంకేం చెయ్యాలె మనిషి?"

"తప్పయిందని చెప్పినవా?"

నిరంజన్ వాకిట్లోకి చూశాడు.

"గదొక్కటి తప్ప అన్ని చేసినవ్. నేనంటే నీ పెండ్లాన్ని, మటన్ జూసి సమజ్ చేసుకుంట. గా పిల్ల బజ్జీలు జూసి ఎందుకు సమజ్ చేసుకోవాలె?"

"ఆఫీసర్ని. అందరి ముందట తప్పయిందంటే పిల్లలు నవ్వరా?"

"నవ్వనీ. నువ్వు తిట్టిననాడు నవ్విండ్రా? బెదిరిండ్రు. బెదిరేదాని కంటే నవ్వుడే నయం గద." ఆమె మళ్ళీ సూది తీసుకుంది. "ముందుగాల నా దగ్గర నేర్చుకో. కుట్టుమిషన్ ముచ్చట చెప్పు."

"అది ఎప్పటి ముచ్చటనో గద!"

"అయితేంది? చెప్పు."

నిరంజన్ గొంతు సవరించుకున్నాడు. మెడ గోక్కున్నాడు. "నీ మిషన్ మీద నీల్లు వడేసిన... తప్పయింది."

"ఇగో, గంతే. పానం పోయిందా?"

అన్నది గానీ, కవరు తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత గిన్నెల చప్పుడుతో పాటు ఆమె ఏదో పాట కూనిరాగం తీయడం వినపడింది. ఆ మధ్యాహ్నం కూర ఎప్పటికన్నా బాగా కుదిరింది.

శనివారం రాజం బైండింగ్ నుంచి పుస్తకాలు తెచ్చాడు. చరిత్ర పుస్తకానికి గట్టి నీలి అట్ట, వీపున తెల్ల అక్షరాలు. జిగురు వాసన ఇంకా పోలేదు. నిరంజన్ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తన గదిలో నిలబడ్డాడు. వనజను ఇక్కడికే పిలిచి చెప్పొచ్చు. తలుపు వేసుకుని, రెండు ముక్కల్లో. కానీ తిట్టింది ఇక్కడ కాదు.

హాల్లోకి నడిచాడు. ఆదివారం అంత కాకపోయినా మనుషులు నిండుగానే ఉన్నారు. వనజ అదే వరుసలో, అదే స్టూలు మీద ఉంది. లచ్చయ్య కిటికీ దగ్గర పేపరు విప్పాడు. నిరంజన్ రాక్ పక్కన ఆగాడు. మొదటి ఇంటర్వ్యూకు పోయినప్పటిలా కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"అందరు జర ఇటు చూడుండ్రి," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "మొన్న ఆదివారం... గీ పుస్తకం గురించి... వనజను నేను..."

"ఏందంటుండు?" లచ్చయ్య పేపరు దించాడు. "ఇనవస్తలేదు. జోరుగ చెప్పు సారూ!"

రాజం ఊరుకొమ్మని సైగ చేశాడు. లచ్చయ్య ఊరుకోలేదు. "నన్నేం జెయ్యమంటవ్? తిట్టుడైతే మంచిగ ఇనవడ్డది. గిదేందో ఇనవస్తలేదు."

నిరంజన్ పుస్తకాన్ని గుండెకు ఆనించుకున్నాడు. ఊపిరి పీల్చాడు. ఇక ఈసారి బయట సైకిళ్ళు పెట్టుకునేవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా అన్నాడు.

"ఆదివారం నాడు మీ అందరి ముందట వనజను తిట్టిన. తప్పు ఆమెది గాదు, నాది! గీ పుస్తకం నేనే బైండింగుకు తోలి మర్చిపోయిన. ఆమె చెప్పవోతే చెప్పనియ్యలే. వనజా, తప్పయింది!"

చెవులు వేడెక్కాయి. టెస్టు కోసం పుస్తకం అడిగిన అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. వనజ స్టూలు మీద నుంచి ఆయన్నూ, హాలునూ చూసింది. వేలు పెదవుల దగ్గరికి తెచ్చింది.

"మెల్లగ సార్," అంది. "పిల్లలు చదువుకుంటుండ్రు."

ఎవడో ఒకడు ముక్కుతో నవ్వాడు. అది చాలు, హాలంతా పగలబడింది. రాజం గోడకు ఆనుకుని కడుపు పట్టుకున్నాడు. "ఇప్పుడు మంచిగ ఇనవడ్డది," అని లచ్చయ్య మళ్ళీ పేపరు ఎత్తాడు. నిరంజన్‌కు కూడా నవ్వొచ్చింది. బస్సు అద్దంలో నేర్చుకున్న నవ్వు కాదు. కళ్ళజోడు జారేంత నవ్వు. ఎదురు కుర్చీలోని చిన్నపిల్ల బస్సులోని పసిపిల్లలా దాక్కోలేదు.

వనజ కిందికి దిగి ఆయన చేతిలోంచి చరిత్ర పుస్తకం తీసుకుంది. అట్ట మీద అరచేత్తో ఒకసారి తుడిచి, ఎదురుచూస్తున్న అమ్మాయికి ఇచ్చింది. మళ్ళీ తన పనిలో పడింది. ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. ఆ రోజంతా నిరంజన్ అడగలేదు. అడిగితే, చెప్పిన మాటకు బదులు అడిగినట్టు అవుతుందనిపించింది. పోతే పోతుంది. ఆ స్కూలు పిల్లలు అదృష్టవంతులు అనుకున్నాడు. భుజాల మీది బరువు మాత్రం దిగిపోయింది.

ఆదివారం మళ్ళీ హాలు నిండింది. కిటికీ దగ్గర పేపర్ల టేబుల్, దాని పక్కనే చదువుకునే పిల్లల వరుస. లచ్చయ్య వార్తలు పైకి చదువుతుంటే పిల్లలు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటున్నారు. నిరంజన్ చూసి చూసి లేచాడు.

"రాజం, వనజా, గీ పేపర్ల టేబుల్ తలుపు దగ్గరికి జరుపుదాం పట్టుండ్రి."

రాజం వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. వనజ రాలేదు.

"వొద్దు సార్," అంది, నిలబడ్డ చోటు నుంచే.

హాల్లో రెండు మూడు తలలు లేచాయి. రాజం టేబుల్ వదిలేసి నేల చూపు చూశాడు.

"ఎందుకు వొద్దు?"

"తలుపు కాడ ఎండ సక్కగ మీదికొస్తది. తాత కూసోలేడు. గాలి కొడితే పేపర్లు రోడ్డు మీదికి పోతయి. అది మంచి చోటు గాదు సార్."

ఒక్క క్షణం ఆ పాత వేడి మెడ దాకా ఎక్కింది. "నేను చెప్పిన..." అని మొదలుపెట్టాడు. మిగతా మాట మింగేశాడు. నిజంగానే తలుపు వైపు చూశాడు. గడప దాటి లోపలి దాకా ఎండ తెల్లగా పరుచుకుని ఉంది.

"మరి ఏడ పెడుదాం?"

"గా మూలకు సార్, బీరువా పక్కకు. పిల్లలకు దూరం అయితది."

"నేను గూడ గదే అందామనుకున్న సార్," అన్నాడు రాజం.

"మరి అనలేదేం?"

"ఇప్పుడే గద సార్ మొదలైంది అనుడు."

"నన్నెవలన్న అడుగుతుండ్రా?" లచ్చయ్య లేచాడు. "బీరువా పక్కకు నాకు ఎలుతురు ఏడిది? చీకట్ల ఏం చదువాలె?"

"లైటు పెట్టిస్త తాతా," అంది వనజ.

"లైటు నువ్వెట్ల పెట్టిస్తవ్? నేను గద పెట్టియ్యాలె," అన్నాడు నిరంజన్.

"పెట్టియ్యుండ్రి మరి."

లచ్చయ్య గొంతు తప్ప ఇంకెవరిదీ పైకి లేవకుండా, నలుగురూ వాదులాడుకుంటున్నారు. చదువుకునే పిల్లల్లోంచి ఎవరో "ష్" అన్నారు. నలుగురూ ఒకేసారి నోళ్ళు మూసుకున్నారు. వాదన వనజ గెలిచింది.

రాజానికి నడుము నొప్పని తెలుసు కాబట్టి నిరంజన్ తానే టేబుల్ ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర వనజ. పాతకాలపు టేకు బల్ల, బరువుగా ఉంది. బల్లల మధ్య సందు ఇరుకు. ఆయన వెనక్కి నడవాలి, ఆమె ముందుకు.

"వానలు గట్టిగ పడ్డంక గీ మూలకు ఉరుస్తది సార్," అంది వనజ, ఊపిరి బిగబట్టి మోస్తూ. "పోయినేడు గోడంత తడిసింది. ఆషాఢంల మళ్ళ ఇటు జరుపుకోవాలె. మీరు మర్చిపోతరు, నేనే యాది చేస్త."

నిరంజన్ అడుగు ఆగింది. స్కూలు తెరిచేది జూన్లో. ఆమె మాట్లాడుతున్నది ఆ తర్వాత వచ్చే ఆషాఢం వానల గురించి. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఆయన వెనక ఉన్న దారి చూస్తోంది.

"యాది చెయ్యి," అన్నాడు.

"ఆగొద్దు సార్, బరువుంది. నడువుండ్రి. ఎనక కుర్చీ ఉన్నది, జర ఎడమకు. ఇంకొంచెం. ఆఁ, ఇగ దించుండ్రి."